అమ్మానాన్నల ఆస్తి పంపకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కాగితంతో ముగించాలి

"నాన్నగారు పోయి ఆరు నెలలైంది. కాగితాలన్నీ అన్నయ్య దగ్గరే ఉన్నాయి. అడిగితే నీకెందుకంత తొందర అంటున్నాడు. ఏం చేయాలి?" పేర్లు, ఊళ్లు మారతాయి గానీ వచ్చే ప్రశ్న దాదాపు ఇదే. అడిగేది ఒకసారి చెల్లెలు, ఒకసారి అమెరికాలో ఉన్న తమ్ముడు. ఒక్కోసారి ఆ అన్నయ్యే అడుగుతాడు: "ఆస్పత్రి బిల్లు కట్టింది నేను, చివరిదాకా చూసుకుంది నేను. ఇప్పుడు అందరూ నన్నే అనుమానంగా చూస్తున్నారు."

ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ఏమేం ఉన్నాయో తేలకముందే ఎవరికెంత అని మాట్లాడుకోవడం దగ్గరే చాలా గొడవలు మొదలవుతాయి. అందుకే కింద చెప్పిన వరుస మార్చకండి. ఒక మెట్టు పూర్తయ్యాకే తర్వాతి మెట్టు.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని హిందూ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ముస్లింలకు షరియత్ ప్రకారం, క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వాటాలు వస్తాయి. వాళ్లు 3వ మెట్టులోని లెక్కను, ముస్లింలైతే 4వ మెట్టులోని వీలునామా సంగతిని కూడా, వదిలేసి మిగతాది వాడుకోవచ్చు.

దగ్గర ఉంచుకోవలసినవి

- మరణ ధ్రువీకరణ పత్రం, కనీసం అరడజను కాపీలు
- ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ (మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇస్తారు)
- ఇంటి, స్థలాల దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల పాత దస్తావేజులు)
- పట్టాదారు పాసుపుస్తకం, ఆంధ్రాలో అయితే 1-బి, అడంగల్, తెలంగాణలో పహాణీ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు)
- ప్రతి ఆస్తికీ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)
- బ్యాంకు, పోస్టాఫీసు పాసుబుక్కులు, ఇన్సూరెన్స్ బాండ్లు, చిట్టీ పుస్తకాలు, ప్రామిసరీ నోట్లు
- అందరి ఆధార్, పాన్ కాపీలు
- ఒక లాంగ్ నోటుబుక్కు

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, తిరుగుడు ఎక్కువ. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు స్పెల్లింగు చూడండి. ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో ఒకలా, ఇందులో ఇంకోలా ఉంటే ప్రతి ఆఫీసులోనూ అక్కడే ఆగిపోతారు.

1. కర్మ అయ్యేదాకా పంచొద్దు, భద్రం చేయండి

పెద్దకర్మ రోజున అందరూ ఒకచోట ఉంటారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు తిరుగు టికెట్ ఉంటుంది. అందుకని "ఎలాగూ కూడాం కదా, తేల్చేసుకుందాం" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. నిద్రలేక, ఏడ్చి, బంధువుల మధ్య నలిగిపోయి ఉన్న మనుషులు ఆ రోజు తీసుకున్న నిర్ణయాన్ని తర్వాత ఎవరూ నిలబెట్టుకోరు. ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి మాత్రమే:

- బీరువా, ట్రంకుపెట్టె అందరి ఎదుట తెరిచి, ఉన్నవి ఫోన్లో వీడియో తీసి, తాళం వేయండి. తాళంచెవి అమ్మ దగ్గర ఉండాలి. అమ్మ లేకపోతే అందరూ ఒప్పుకున్న ఒకరి దగ్గర.
- ఒరిజినల్ కాగితాలన్నీ స్కాన్ చేసి అందరికీ పంపండి. ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయో నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టండి. కాపీలు అందరి చేతిలో ఉంటే ఒరిజినల్స్ అన్నయ్య దగ్గరున్నా సగం టెన్షన్ తగ్గుతుంది.
- నాన్నగారి సిమ్ రీచార్జి ఆపకండి. బ్యాంకు ఓటీపీలు, ఇన్సూరెన్స్ మెసేజీలు దానికే వస్తాయి. కొన్ని నెలలు వాడకుండా వదిలేస్తే ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది.

హెచ్చరిక: ఏటీఎం పిన్ తెలుసు కదా అని డబ్బు తీయకండి, ఫోన్‌పేలో పంపుకోకండి. చనిపోయినవారి ఖాతా నుంచి అలా తీసే హక్కు ఎవరికీ లేదు. అంత్యక్రియలకే ఖర్చుపెట్టినా, తర్వాత స్టేట్‌మెంట్ బయటికొచ్చినప్పుడు అది దొంగతనంలాగే కనిపిస్తుంది. ఇప్పటికే తీసి ఉంటే ఎంత తీశారో, దేనికి ఖర్చైందో ఈ రోజే రాసి అందరికీ పంపేయండి.

2. జాబితా రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నోటుబుక్కులో నాలుగు భాగాలు చేయండి: స్థిరాస్తులు, డబ్బు, వస్తువులు, అప్పులు. ప్రతి వరుసలో ఆస్తి ఏమిటి, ఎవరి పేరున ఉంది, ఎలా వచ్చింది (కొన్నదా, తాతగారి నుంచి వచ్చిందా, ఎవరైనా రాసిచ్చిందా), కాగితం ఎక్కడుంది అని రాయండి. "ఎలా వచ్చింది" అన్న గడి ఖాళీగా వదలకండి. వాటాల లెక్క అంతా దాని మీదే నడుస్తుంది.

కాగితాలు దాచినా ఆస్తి దాగదు. సర్వే నంబరో, దస్తావేజు నంబరో తెలిస్తే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ చూడొచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. పొలం వివరాలకు ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి ఉన్నాయి. పదేళ్లుగా కదలని బ్యాంకు ఖాతాలను రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో వెతకొచ్చు. అన్నయ్య చూపించకపోయినా జాబితాలో ముప్పాతిక భాగం మీరే రాసుకోగలరు. అది చేతిలో పెట్టుకుని అడిగితే ఆయన మాట తీరే మారిపోతుంది.

మరిచిపోయేవి: ఏటా పాతిక రూపాయలలోపు కట్ అయ్యే ప్రమాద బీమా, ఖాతా నుంచి 436 రూపాయలు కట్ అయ్యే జీవన జ్యోతి బీమా (2 లక్షలు వస్తాయి), పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా (గరిష్ఠంగా 7 లక్షలు), తెలంగాణ రైతులకు రైతుబీమా (5 లక్షలు), సొసైటీ షేర్లు, కరెంటు డిపాజిట్, నాన్నగారు ఊళ్లో ఇచ్చిన చేబదుళ్లు. ప్రామిసరీ నోట్ల తేదీలు వెంటనే చూడండి. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. గడువు దగ్గర పడితే, తీసుకున్న వ్యక్తి చేత ఎంతో కొంత కట్టించి నోటు వెనక చెల్లు రాయించండి.

జాబితా పూర్తయిందో లేదో ఎలా తెలుస్తుంది? నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు గత మూడేళ్లవి తీసి, ప్రతి పెద్ద జమకూ ఖర్చుకూ జాబితాలో జవాబు దొరుకుతోందో చూడండి. దొరకనిది ఉంటే ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే.

3. వారసులు ఎవరు, ఎవరికెంత

తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, ఆయన స్వార్జితానికి (సొంతంగా సంపాదించిన ఆస్తికి) మొదటి వరుస వారసులు: భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి. అందరికీ సమానం. ఇంతకుముందే చనిపోయిన కొడుకో కూతురో ఉంటే ఆ వాటా వాళ్ల కుటుంబానికి వెళ్తుంది. నాయనమ్మను దాదాపు అందరూ మరిచిపోతారు. బాబాయి దగ్గరుంటున్న నాయనమ్మకూ మీ నాన్నగారి ఆస్తిలో వాటా ఉంది.

అమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. నాయనమ్మ లేరు.

స్వార్జితమైతే: నాలుగు సమాన వాటాలు. అమ్మకు 4లో 1, పిల్లలకు తలా 4లో 1.

పిత్రార్జితమైతే (తరతరాలుగా వచ్చిన ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే): ముందు నాన్న, ముగ్గురు పిల్లల మధ్య నాలుగు భాగాలైనట్టు లెక్కించాలి. నాన్న భాగం మాత్రమే మళ్లీ అమ్మకూ పిల్లలకూ సమానంగా పంచాలి. అంటే అమ్మకు 16లో 1, పిల్లలకు తలా 16లో 5.

తేడా చూశారుగా. "అది పిత్రార్జితమే" అని పట్టుబట్టేవాళ్లు చాలాసార్లు చెల్లెలి వాటా తగ్గించాలని అంటారు. దానితో చెల్లెలికి తగ్గేదేమీ లేదు, తగ్గేది అమ్మకు. ఇంకో పొరపాటు, తాతగారి నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకోవడం. తాతగారు సొంతంగా కొన్నది, ఆయన 1956 తర్వాత చనిపోతే మీ నాన్నగారికి వారసుడిగా వచ్చినది, సాధారణంగా నాన్నగారి సొంత ఆస్తి కిందికే వస్తుంది. అనుమానం ఉన్న ఆస్తికి మాత్రం ఒక సివిల్ లాయర్‌కు కాగితాలు చూపించండి. జాబితా చేతిలో ఉంటే ఒక్కసారి కూర్చుంటే తేలుతుంది.

ఆడపిల్లల విషయంలో ఇప్పటికీ వినిపించే మాటలు:

"కట్నం ఇచ్చాం, పెళ్లికి ఖర్చుపెట్టాం." చట్టం దాన్ని వాటాలో మినహాయించదు. తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచే సమాన వాటా ఉంది. పిత్రార్జితంలో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలోని సవరణతో హక్కు వచ్చింది. పెళ్లైనవాళ్లకు కూడా 2005 సెప్టెంబర్ 9 నుంచి వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబర్ 20 కంటే ముందే రిజిస్టర్ పంపకాలు జరిగి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేరు.

"పసుపుకుంకుమ కింద రెండెకరాలు ఇచ్చేశాం." దస్తావేజు రిజిస్టర్ చేశారా? నోటిమాటగా ఇచ్చింది అటు చెల్లెలికీ భద్రం కాదు, ఇటు "ఇచ్చేశాం" అని చెప్పడానికి మీకూ ఆధారం కాదు. ఇప్పుడు పంపకాల పత్రంలో ఆ రెండెకరాలనూ ఆమె వాటాగా చూపించి రాసుకోవడమే ఇద్దరికీ మేలు.

"నాకేమీ వద్దు అని చెల్లెలు అప్పుడే అంది." నోటిమాట చాలదు. రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి. కర్మ రోజున కన్నీళ్లతో అన్న మాటను పట్టుకుని కాగితం మీద సంతకం అడగొద్దని నా సలహా. ఆరు నెలలాగి, జాబితా చూపించి, అప్పుడూ వద్దంటే రాయించుకోండి.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పెళ్లైన కూతుళ్ల పేర్లు ఎగరగొట్టడం పాత అలవాటు. సర్టిఫికెట్ రాగానే చదవండి. పేరు లేకపోతే తహసీల్దార్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి.

తల్లి చనిపోతే ఆమె ఆస్తి ముందుగా కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా వెళ్తుంది. అమ్మ నగలు కూతుళ్లకే చెందాలన్నది ఆచారం. చట్టం అలా అనదు. ఇళ్లల్లో ఆచారం ప్రకారం పంచుకుంటే నేను తప్పు పట్టను, అందరూ ఒప్పుకుని పంచుకుంటే చాలు.

4. వీలునామా బయటికొస్తే

ముందు కాపీ అడగండి. చదవకుండా అంగీకరించకండి, చదవకుండా తిట్టకండి. చూడాల్సినవి: నాన్నగారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, తేదీ. వీలునామా రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన గట్టిపడదు. ఒకటికి మించి ఉంటే చివరిది చెల్లుతుంది. కోర్టుకు వెళ్తే బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరిని పిలిపించి నిరూపించాలి. తనది కాని ఆస్తిని, ఉదాహరణకు పిత్రార్జితంలో మీ వాటాను, ఆయన వీలునామాలో రాయలేరు.

5. పంచేముందు అమ్మ సంగతి తేల్చండి

వాటాలన్నీ వేశాక "అమ్మ ఎవరి దగ్గర?" అని మొదలుపెట్టే కుటుంబాల్లో అమ్మ కూడా వాటాల్లో ఒక బరువైపోతుంది. ముందు ఈ మూడు నోటుబుక్కులో రాయండి: అమ్మ ఏ ఇంట్లో ఉంటారు (ఉన్న ఇంట్లోనే ఉండటం ఆమెకు ఇష్టమైతే అదే), నెలకు ఖర్చులకు ఏ ఆదాయం నేరుగా ఆమె ఖాతాలో పడుతుంది, ఆస్పత్రి ఖర్చు ఎవరు ఎంత. కుటుంబ పింఛను ఉంటే మొదటి నెలలోనే దరఖాస్తు పెట్టించండి.

అమ్మ వాటా పూర్తిగా ఆమె సొంతం. అమ్ముకోవచ్చు, ఎవరికైనా రాసివ్వొచ్చు. అందుకే అందరూ వేలిముద్ర కోసం ఆమె చుట్టూ తిరుగుతారు. ఆమె బతికుండగా తన వాటా మొత్తం వదిలేయడం మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లలు ఎంత మంచివాళ్లైనా సరే. తప్పదనుకుంటే దాన సెటిల్‌మెంటు దస్తావేజులో "నన్ను పోషించాలి, వైద్యం చేయించాలి" అన్న షరతు స్పష్టంగా రాయించాలి. అప్పుడు పోషించకపోతే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయమని కోరవచ్చు. షరతు రాయని దస్తావేజుతో వెళ్తే ఆ పని కష్టం.

ఒంటి మీది బంగారం అమ్మది. నాన్నగారి జాబితాలో రాయకండి.

6. అప్పులు, ఖర్చులు

చనిపోయినవారి అప్పుకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. ఆస్తి రాకపోతే మీ జీతంలోంచి కట్టక్కర్లేదు. ఎవరైనా వచ్చి "మీ నాన్న మూడు లక్షలు తీసుకున్నాడు" అంటే నోటు చూపించమనండి, ఫొటో తీసుకోండి, సంతకాన్ని బ్యాంకు కాగితాలతో పోల్చండి. పరువు కోసం మీ పేరుతో కొత్త నోటు రాసివ్వకండి. అలా రాస్తే అది మీ సొంత అప్పు అవుతుంది.

ఇంటి లోను ఉంటే దానికి ఇన్సూరెన్స్ ఉందేమో బ్యాంకులో ముందు అడగండి. తాకట్టులో ఉన్న బంగారం వేలానికి వెళ్లకుండా వడ్డీ కట్టడం ఎవరి వంతో రాసుకోండి.

ఆస్పత్రి బిల్లు, కర్మ ఖర్చు, ఇంటిపన్ను: ఎవరు పెట్టినా రసీదులతో లెక్క చూపిస్తే ఉమ్మడి డబ్బులోంచి ముందుగా తీసేయండి. "చివరిదాకా చూసుకున్నాను" అన్నదానికి చట్టంలో అదనపు వాటా లేదు. పెద్దకొడుకని ఎక్కువ ఇచ్చే జ్యేష్ఠ భాగమూ లేదు. కానీ ఇన్నేళ్లు ఉద్యోగం మానేసి చూసుకున్న తోబుట్టువుకు మిగతావాళ్లు ఇష్టపూర్వకంగా కొంత ఎక్కువ ఇవ్వడానికి అడ్డమూ లేదు. దాన్ని వాటాలో కలిపి గజిబిజి చేయకుండా ఇంత మొత్తం అని విడిగా తేల్చండి.

7. బ్యాంకు డబ్బు: నామినీ అంటే యజమాని కాదు

నామినీకి బ్యాంకు డబ్బు ఇస్తుంది. కానీ ఆ డబ్బు వారసులందరిది, నామినీ చేతికి అందుకునేవాడు మాత్రమే. సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023లో ఇదే చెప్పింది. జీవిత బీమాకు మాత్రం 2015 సవరణ తర్వాత కొంత మినహాయింపు ఉంది: భార్యో భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో నామినీగా ఉంటే సాధారణంగా ఆ డబ్బు వాళ్లదే.

నామినీ లేకపోతే చిన్న మొత్తాలకు బ్యాంకులు ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఎవరైనా అడిగితే ఆ నష్టం మేమే భరిస్తామన్న హామీ పత్రం), వారసుల సంతకాలతో ఇస్తాయి. మొత్తం పెద్దదైతే, లేక వారసుల్లో ఒకరు అభ్యంతరం పెడితే, సివిల్ కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటారు. ఇది డబ్బు, షేర్లు, రావలసిన బాకీల కోసమే. ఇంటికీ పొలానికీ ఇది అడిగేవాళ్లుంటే వాళ్లకు తెలియదనుకోండి.

లాకర్ తెరిచేటప్పుడు బ్యాంకువాళ్లు సాక్షుల ఎదుట ఉన్నవాటి జాబితా రాస్తారు. దాని కాపీ అడిగి తీసుకోండి.

8. ఇంట్లో వస్తువులు

ఎకరాల గురించి రాజీపడినవాళ్లు ఇత్తడి గుండిగ దగ్గర విడిపోవడం మన ఇళ్లల్లో కొత్తేం కాదు. అందుకని వస్తువులను రెండు జాబితాలుగా చేయండి.

ఒకటి, ధర ఉన్నవి: బంగారం, వెండి, బండి, టీవీ, ఫ్రిజ్. బంగారాన్ని అందరి ఎదుట తూకం వేయించి, వస్తువారీగా గ్రాములు రాయండి. ఎవరికి ఏ నగ వెళ్లినా గ్రాముల తేడాను ఆ రోజు రేటుతో డబ్బుగా సర్దుకోవాలి. రాళ్ల బరువు తీసేసి రాయడం మరవకండి.

రెండోది, ధర లేనివి: నాన్న వాచీ, కళ్లజోడు, చేతికర్ర, అమ్మ పట్టుచీరలు, దేవుడి పటాలు, ఫొటోలు, ఉత్తరాలు. వీటికి చీటీలు వేసి వరుస తేల్చండి. ముగ్గురుంటే మొదటి విడతలో 1, 2, 3 వరుసలో తలా ఒకటి ఎంచుకోవాలి, రెండో విడతలో 3, 2, 1. ఇలా అయిపోయేదాకా. ఫొటోలు, ఉత్తరాలు ముందే స్కాన్ చేస్తే వాటి మీద పోటీ ఉండదు. "ఇది అమ్మ నాకిస్తానంది" అన్న మాట వస్తుంది. మిగతావాళ్లు విన్నారా అని అడగండి. విన్నామంటే ఇచ్చేయండి, లేదంటే చీటీల్లో పెట్టండి.

ఈ కూర్చోవడంలో అల్లుళ్లు, కోడళ్లు ఉండాలా? మొదటిసారి తోబుట్టువులూ అమ్మా మాత్రమే కూర్చోవడం మేలు. తర్వాత జాబితా అందరికీ చూపించండి. వాళ్లను పూర్తిగా పక్కన పెడితే ఇంటికెళ్లాక ఆ రాత్రే పంపకం మళ్లీ మొదలవుతుంది.

9. ఇల్లు, పొలం

ఇల్లు ఒక్కటే ఉండి ముగ్గురుంటే దారులు మూడే: అమ్మి డబ్బు పంచుకోవడం, ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బివ్వడం, ఉమ్మడిగా ఉంచి అద్దె పంచుకోవడం. మూడోది అమ్మ బతికున్నంతకాలం బాగుంటుంది. ఆ తర్వాత రిపేరుకు ఎవరు డబ్బు పెట్టాలన్న దగ్గర తెగుతుంది.

ధర కుదరకపోతే ఇద్దరి మధ్య పనికొచ్చే పాత పద్ధతి: ఒకరు రేటు చెప్పాలి, ఆ రేటుకు కొనాలో అమ్మాలో రెండోవారు తేల్చాలి. పొలానికైతే పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి.

పొలం వాటాల్లో విస్తీర్ణం ఒక్కటే చూడకండి. రోడ్డు వైపు ఎవరిది, వెనక వాటాకు బండి వెళ్లే దారి ఎన్ని అడుగులు, బోరు ఎవరి భాగంలో పడింది, నీటి వంతు ఎలా, కరెంటు మీటరు ఎవరి పేరున అన్నవి ముందే రాయండి. సర్వేయర్‌తో కొలిపించి, రాళ్లు పాతించి, ఆ తర్వాతే దస్తావేజు. ముందు రాసుకుని తర్వాత కొలిస్తే ఒకరికి ఐదు సెంట్లు తగ్గుతుంది, మళ్లీ మొదటికి వస్తారు.

10. కాగితం

తెల్లకాగితం మీద, వంద రూపాయల స్టాంపు మీద పెద్దమనుషుల ఎదుట రాసుకున్న పంపకం రిజిస్ట్రేషన్ లేకపోతే కోర్టులో హక్కు పత్రంగా నిలవదు. భాగ పరిష్కార దస్తావేజు (కొన్నిచోట్ల పారిఖత్తు అంటారు) రాయించి రిజిస్టర్ చేయించండి. ఎవరైనా తమ వాటా వదులుకుంటుంటే హక్కు విడుదల పత్రం. ఏ దస్తావేజుకు ఎంత స్టాంపు డ్యూటీ పడుతుందో రాయించకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. రకాన్ని బట్టి తేడా ఉంటుంది.

దస్తావేజు డ్రాఫ్టును సంతకానికి రెండు మూడు రోజుల ముందు అందరికీ పంపాలి. చదవాల్సింది:

- వారసులందరి పేర్లు ఉన్నాయా, ఆడపిల్లలతో సహా
- ప్రతి వాటాకూ సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు
- దారి, బోరు, మెట్లు, పెరటి గోడ
- డబ్బు సర్దుబాటు ఎంత, ఏ చెక్కు నంబరుతో
- జాబితాలో ఉన్నా దస్తావేజులో లేని ఆస్తి ఏదైనా ఉందా

వారసుల్లో మైనరు ఉంటే, ఉదాహరణకు చనిపోయిన తమ్ముడి కూతురు, ఆ పాప వాటాను కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, వదులుకోకూడదు. తల్లి సంతకం పెట్టినా ఆ పాప మేజరయ్యాక తిరగదోడవచ్చు.

విదేశాల్లో ఉన్నవాళ్లు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అన్నీ చేయగలిగే జనరల్ పవర్ ఇవ్వకండి. "ఫలానా దస్తావేజు మీద నా తరఫున సంతకం" అన్నంతవరకే స్పెషల్ పవర్ ఇవ్వండి. భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

పాసుపుస్తకంలో పేరు మార్పు (తెలంగాణలో విరాసత్ అంటారు) దీనికి వేరే పని. ఒకరు తన పేరు ఒక్కటే ఎక్కించుకున్నా భూమి మొత్తం ఆయనది అయిపోదు, రెవెన్యూ రికార్డు హక్కును పుట్టించదు. అయినా ఊరుకోకండి. తెలియగానే అభ్యంతరం, ఆ తర్వాత అప్పీలు. ఆ రికార్డు చూపించి లోను తెచ్చుకుంటారు, భూమిని అమ్మేస్తారు కూడా.

11. మాట కుదరకపోతే

మధ్యవర్తిగా మేనమామో, ఊరి పెద్దో ఎవరైనా సరే, మీ కుటుంబంతో డబ్బు లావాదేవీ లేనివారు కావాలి. తాతగారి భూమిలో తనకూ వాటా ఉన్న బాబాయిని కూర్చోబెట్టకండి.

అదీ కుదరకపోతే నేరుగా దావా వేయకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది, హెల్ప్‌లైన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

చివరి దారి భాగపంపిణీ దావా. వారసులందరినీ, ఆస్తులన్నిటినీ అందులో చేర్చాలి. ఒక్కటి వదిలినా అవతలివాళ్లు అదే పట్టుకుంటారు. ఎవరైనా అమ్మేస్తారన్న భయముంటే దావాతోపాటే ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) అడగండి. సబ్ రిజిస్ట్రార్‌కు ఉత్తరం ఇస్తే చాలు అనుకునేవాళ్లు చాలామంది, దానితో అమ్మకం ఆగకపోవచ్చు. దావా ఏళ్లు పడుతుంది. అది తెలిసీ వేయాల్సిన సందర్భాలున్నాయి: ఒకరు ఆస్తి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, మీ సంతకం ఫోర్జరీ చేసినప్పుడు, మీకు వాటాయే లేదని రాతపూర్వకంగా చెప్పినప్పుడు. ఫోర్జరీకైతే పోలీసు ఫిర్యాదు కూడా. మిగతా వాటికి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మేటర్" అని పంపిస్తారు, వాళ్లన్నది నిజమే.

వాట్సాప్ గ్రూపులో కాగితాలు, లెక్కలు మాత్రమే పెట్టండి. అర్ధరాత్రి పెట్టే వాయిస్ మెసేజీలు రేపు కోర్టులో వినిపించవచ్చు.

12. పని అయిందో లేదో సరిచూసుకోండి

రిజిస్ట్రేషన్ అయిన రెండు మూడు వారాలకు ఒక్కొక్క ఆస్తికీ కొత్త ఈసీ తీయండి. మీ దస్తావేజు నంబరు అందులో కనిపించాలి. పొలానికి 1-బిలోనో పహాణీలోనో మీ పేరు, విస్తీర్ణం సరిగా పడ్డాయా చూడండి. ఇంటిపన్ను, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ పేరు మార్పించండి. ఎవరికైనా డబ్బు ఇవ్వాల్సి ఉంటే బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు రాయించుకోండి. నోటుబుక్కులోని జాబితా తీసి ఒక్కో వరుస పక్కన టిక్కు పెట్టండి. టిక్కు పడనిది మిగిలితే, దాని పేరు, ఎవరు చేయాలి, ఏ తేదీలోగా అని కింద రాసి, అందరి సంతకాలు తీసుకుని, ఫొటో తీసి అందరికీ పంపండి.